రెండో ప్రకటన

జనవరి 25, ఆదివారం

తమ్ముడికి చెప్పేశాను. పూజ అయ్యాక గుడి గేటు దగ్గరే చెప్పాను. ఇంట్లో చెబితే అరుస్తాడు. అక్కడైతే చుట్టూ జనం ఉంటారు, అరవలేడు.

"ఫిబ్రవరి పదహారున పెళ్ళి చేసుకుంటున్నాను బాలశౌరీ. యేసుబాబు గారిని. వచ్చే ఆదివారం ఫాదర్ గారు గుళ్ళో మొదటి ప్రకటన చదువుతారు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు వాడి మొహం మారింది.

"ఏ యేసుబాబు?"

"మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారేంటి?"

"లాకుల దగ్గర లస్కరా? కాలవ తలుపులు తిప్పుకునేవాడా?"

"ఆయనే."

"అక్కా, నీకు యాభై రెండేళ్ళు."

"నాకు తెలుసు. ఆయనకి యాభై ఐదు. అదీ తెలుసు."

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "డబ్బు కోసం అక్కా. ఇంకేం లేదు. రైసు మిల్లు, ఫంక్షన్ హాలు, కంకిపాడు రోడ్డు పక్క పొలం. వాడికేమన్నా కళ్ళు లేవా?"

ఆ మాట అంటాడని ముందే తెలుసు. డబ్బు అంటే సభ్యతగా ఉంటుంది. వాడు అనాలనుకున్నది వేరే. యేసుబాబు గారి ఇల్లు పేటలో, మా ఇల్లు ఊళ్ళో. మా ఊరికి గుడి ఒక్కటే, శ్మశానాలు రెండు. ఆ సంగతి గుడి గేటు దగ్గర ఎత్తలేక డబ్బు అన్నాడు.

నేను ఎవరికీ భయపడటం లేదు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.


జనవరి 26

శౌరమ్మ కాఫీ తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్ళకుండా నిలబడింది.

"ఊరంతా తెలిసిపోయిందమ్మా."

"తెలియాలనే చెప్పాను."

"మా పేటలోనూ తెలిసింది."

"ఏమంటున్నారు?"

"మావాళ్ళకి అనుమానంగానే ఉందమ్మా. ఆ మహాతల్లికి ఇదేం సరదా, రేపు మోజు తీరాక మనవాణ్ణి గెంటేస్తే ఏంటి గతి అంటున్నారు."

అంటే అటువైపు కూడా బెంగపడేవాళ్ళున్నారు. వాళ్ళ బెంగ నా గురించి కాదు.


జనవరి 28

మా ఆయన ఇన్నయ్య గారు పోయి తొమ్మిదేళ్ళు. చెడ్డవాడని అనలేను. మా నాన్న మిల్లు రాసిస్తానంటేనే నన్ను చేసుకున్నాడు. ఆ మాట దాచలేదు కూడా. "పెళ్ళి మిల్లుతో అయింది, ఈవిడ దాంతోపాటు వచ్చింది" అని పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇరవై రెండేళ్ళు నవ్వాను.

ఆయన పోయాక రెండు సంబంధాలొచ్చాయి. గుడివాడ నుంచి వచ్చిన డాక్టరు గారు కాఫీ తాగుతున్నంతసేపూ కిటికీలోంచి ఫంక్షన్ హాలు వైపే చూశారు. కార్లు ఎన్ని పడతాయని అడిగారు. ఇంకొకాయన రిటైరైన బ్యాంకు మేనేజరు. నా వయసెంతో అడగలేదు, పొలం సర్వే నంబర్లు అడిగారు.

నాకు కుదరదని చెప్పిన మనిషి యేసుబాబు గారొక్కరే. మూడేళ్ళ కిందట రెండో పంటకి నీళ్ళు చాలక వంతులు పెట్టారు. మా వంతు గురువారం. మొక్కజొన్న వాడిపోతోందని మంగళవారమే కవరిచ్చి మనిషిని పంపాను. కవరు అలాగే తిరిగొచ్చింది. కారేసుకుని నేనే వెళ్ళాను.

"మీ వంతు గురువారం అమ్మగారూ" అన్నారు.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండి. గురువారం రండి."

గురువారం వెళ్ళాను. నీళ్ళు చూడటానికి కాదు. ఆ సంగతి అప్పుడు ఒప్పుకోలేదు గాని ఇప్పుడు రాయగలను.

ఆయన్ని "మీరు" అనడానికి నాకు ఏడాది పట్టింది. "అమ్మగారు" మానేసి "అమలమ్మ గారు" అనడానికి ఆయనకి ఇంకో ఏడాది పట్టింది. పెళ్ళి మాట ఎత్తింది నేనే, మొన్న క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు. వారం టైము అడిగారు. వారం కాగానే సరేనన్నారు. ఎందుకు సరే అన్నారో నేను అడగలేదు.


ఫిబ్రవరి 1, ఆదివారం

మొదటి ప్రకటన.

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుళ్ళో చదవాలి. సత్ప్రసాదం పంచడం అయ్యాక ఫాదర్ జాన్సన్ గారు కాగితం తీశారు. కుర్రవాడు, ఈ ఊరొచ్చి ఆర్నెల్లు కాలేదు. చదువుతుంటే చెమట పట్టింది ఆయనకి. పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇద్దరూ జీవిత భాగస్వాములను పోగొట్టుకున్నవారని. "వీరి వివాహానికి ఆటంకం ఏదైనా ఉన్నట్టు తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

ఒక్క పిల్ల కూడా ఏడవలేదు. గుడి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నేను తల దించుకోలేదు. పట్టుచీర కట్టుకునే వెళ్ళాను.

బయట తమ్ముడు ఫాదర్ గారిని పట్టుకున్నాడు. ఎవరికీ వినపడదనుకున్నాడు.

"ఆపలేరా ఫాదర్?"

"ఆటంకం ఏంటో చెప్పండి బాలశౌరి గారూ. ఇద్దరిలో ఎవరికైనా భార్యో భర్తో బతికి ఉన్నారా? దగ్గర రక్తసంబంధమా?"

"డబ్బు కోసం చేసుకుంటున్నాడు."

"అది ఆటంకాల్లో లేదండి."

"మరి ఏదుంది?"

వాడికి కావలసింది ఆ పట్టికలో లేదని ఇద్దరికీ తెలుసు.


ఫిబ్రవరి 2

మా అమ్మాయి జెస్సికా బెజవాడ నుంచి వచ్చింది. క్లినిక్ మూసి మరీ వచ్చింది. దంతాల డాక్టరు కదా, మనిషి నోరు చూస్తే లోపల ఏముందో చెప్పగలనంటుంది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా" అంది. మా ఇంట్లో ఆ మాట అన్నాక అభ్యంతరం మొదలవుతుంది.

"మామయ్యలా నేనేం అరవను. ఒక్కటే అడుగుతాను. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు?"

"నేను నచ్చాను గనక."

"నీలో ఏం నచ్చిందట?"

అది అడిగి తెలుసుకునే సంగతా?

"నువ్వు ఆయన ముందు డబ్బు లేని మనిషిలా ఎప్పుడన్నా నిలబడ్డావా అమ్మా? లేదుగా. కారు దిగే మనిషివి. మరి డబ్బు కోసం కాదని నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు."

"సరే" అంది. గుత్తి వంకాయ రెండుసార్లు వడ్డించుకుని తిని వెళ్ళిపోయింది.


ఫిబ్రవరి 3

నాకు అనుమానం లేదు.


ఫిబ్రవరి 4

నాకు అనుమానం లేదు. కానీ ఒకసారి చూసుకుంటే జెస్సికా నోరూ తమ్ముడి నోరూ ఒకేసారి మూయించవచ్చు. ఇది వాళ్ళ కోసం.


ఫిబ్రవరి 5

లక్ష్మీకాంత్‌ని రేపు ఒక పని మీద పంపుతున్నాను. మిల్లులో పదిహేనేళ్ళుగా గుమాస్తా, మాట బయట పెట్టడు. పనేమిటో ఇక్కడ రాయను.


ఫిబ్రవరి 6

రాయక తప్పదు.

సంచిలో డబ్బు పెట్టి యేసుబాబు గారికి పంపాను. బాలశౌరి గారు పంపారని చెప్పమన్నాను. రెండో ప్రకటనకి ముందే తప్పుకుంటే ఇది నీదేనన్నారని చెప్పమన్నాను. ఆ డబ్బుతో ఆయన పేటలో ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు.

సంచి తిరిగొస్తుందని పొద్దున్నుంచీ వీధి వరండాలో కూర్చున్నాను. లక్ష్మీకాంత్ ఉత్త చేతులతో వచ్చాడు.

"తీసుకున్నారండీ."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి. బాలశౌరి గారే పంపారా అని అడిగారు. అవునన్నాను. సంచి సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకున్నారు."

"విప్పి చూశారా?"

"లేదండి. టీ తాగుతావా అన్నారు."

"తాగావా?"

"తాగానండి."

ఇంటికి పొమ్మన్నాను.

తీసుకున్నారు. కవరు తిప్పి పంపిన మనిషి సంచి తీసుకున్నారు. కవరు చిన్నది కాబట్టి తిప్పి పంపారేమో. అందరూ చెప్పింది నిజమే అయిందేమో. అన్నం ముట్టలేదు. జెస్సికాకి ఫోన్ చేయబోయి మానేశాను. ఏడవలేదు. ఎందుకు ఏడవాలి? తెలుసుకోవాలనుకున్నాను, తెలుసుకున్నాను.


ఫిబ్రవరి 7

మధ్యాహ్నం వచ్చారు. సైకిలు మీద. సంచి ఆ హ్యాండిల్‌కే ఉంది. వీధి మెట్ల కిందే నిలబడ్డారు.

"పైకి రండి" అన్నాను.

"వద్దులెండి అమ్మగారూ."

అమ్మగారూ. ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చున్నాను.

సంచి పై మెట్టు మీద పెట్టారు. "మీది మీకు అప్పజెబుదామని వచ్చాను. నిన్ననే రావలసింది. డ్యూటీ ఉంది."

"నాదేంటి? మా తమ్ముడు..."

"బాలశౌరి గారైతే మనిషిని పంపరండి. మీదకొస్తారు. పైగా ఇంత ఇవ్వరు."

నవ్వొచ్చే మాట. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

"లక్ష్మీకాంత్ దగ్గర ఎందుకు తీసుకున్నారు మరి?"

"వద్దంటే తిరిగి మోసుకుపోవాలి. దారిలో ఏదన్నా అయితే ఆ మనిషి పీకకి చుట్టుకుంటుంది. ఎవరు పంపారో వాళ్ళ చేతికే ఇద్దామనుకున్నాను."

నేను ఆ పక్కకి ఆలోచించనే లేదు.

"రెండే అర్థాలున్నాయమ్మగారూ దీనికి" అన్నారు. "నేను వద్దనుకుని, ఆ మాట మొహం మీద చెప్పలేక పంపారు. లేదంటే నన్ను తూకం వేస్తున్నారు. మొదటిదైతే బాగుండును. ఏదండీ?"

అబద్ధం చెప్పవచ్చు. మొదటిదే అని చెబితే పరువన్నా దక్కేది. "రెండోది" అన్నాను.

ఆయన తల ఊపారు. "అలాగే అనుకున్నాను. ఫాదర్ గారికి చెప్పే వస్తున్నాను, రేపు చదవద్దని."

సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయారు. ఎండలో వచ్చిన మనిషి, మంచినీళ్ళు కూడా అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఒకటి మాత్రం రాసుకోవాలి. నేను చేసింది తప్పని ఇంకా అనుకోవడం లేదు. తెలుసుకునే హక్కు నాకు లేదా? ఇరవై రెండేళ్ళు నవ్వినదాన్ని.


ఫిబ్రవరి 8, ఆదివారం

చదవలేదు. ఫాదర్ గారు స్కూలు ఫీజుల గురించి చెప్పారు, రేపటి నుంచి గుణదల తిరునాళ్ళకి బస్సులు ఎన్నింటికి బయల్దేరతాయో చెప్పారు. కాగితం మడిచేశారు. జనం మెడలు తిప్పి ఒకసారి నన్ను, ఒకసారి మగవాళ్ళ వైపు యేసుబాబు గారిని చూశారు. ఆయన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు.

తమ్ముడు సాయంత్రం స్వీటు బాక్సుతో వచ్చాడు. "మంచి పని చేశావక్కా. ఎంత ఇచ్చావు?"

"ఏంటి?"

"లక్ష్మీకాంత్ సంచి ఇవ్వడం లాకుల దగ్గర చేపలు పట్టేవాళ్ళు చూశారులే. ఎంతైతే ఏంటి, వదిలింది. ఈ తెలివి ముందే ఉంటే నాకు బీపీ వచ్చేది కాదు."

"ఆయన తీసుకోలేదు."

"తీసుకోకుండానే తప్పుకున్నాడా?" నా వైపు జాలిగా చూశాడు. "సరేలే. అలాగే అనుకో."

స్వీటు బాక్సు శౌరమ్మకిచ్చేశాను. తను కూడా తీసుకోలేదు. గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.


ఫిబ్రవరి 10

గుణదల వెళ్ళాను. కారు దూరంగా ఆపించి, జనంలో నడిచి, తల మీద కొంగు కప్పుకుని మెట్లెక్కాను. మొక్కేమీ లేదు. ఇంట్లో ఉండలేక వెళ్ళాను.

కొవ్వొత్తుల వరసలో నా ముందు మా ఊరివాళ్ళే నలుగురు ఆడవాళ్ళు. ఒకావిడ గుండు గీయించుకుని పసుపు, గంధం రాసుకుంది. నన్ను చూడలేదు.

"ఎంత ముట్టిందంటావ్?"

"ఎంతైనా గానీ, రెండో ప్రకటనకి ముందే తప్పుకున్నాడంటే పెద్ద మొత్తమే."

"పిచ్చోడు. మూడోది కూడా చదివించాక బేరం పెట్టి ఉంటే రెండింతలు వచ్చేది."

నలుగురూ నవ్వారు. గుండావిడకి నవ్వు ఆగక కొవ్వొత్తి ఆరిపోయింది. పక్కావిడ కొవ్వొత్తితో మళ్ళీ వెలిగించుకుంది.

వాళ్ళు నన్ను తిట్టలేదు. నా డబ్బు నా ఇష్టం. ముప్పై ఏళ్ళు ఒక్క రూపాయి ముట్టకుండా నీళ్ళు వదిలిన మనిషికి, నా సంచి వల్ల ఈ మాట వచ్చింది.

తప్పే.


ఫిబ్రవరి 11

ఒక ఆలోచన వచ్చింది. గుడి కప్పు కారుతోంది. మొత్తం తీయించి కొత్తది వేయిస్తాను, యేసుబాబు గారి పేరు మీద. రాతిపలక పెట్టిస్తాను. అప్పుడు ఎవరూ ఒక్క మాట అనరు.

శౌరమ్మకి చెప్పాను. అంట్ల చేత్తోనే నుదురు తుడుచుకుంది.

"తీసుకున్న డబ్బుతో కట్టించాడంటారమ్మా. పాపం కడుక్కోడానికని."

"మరి పేటలో పిల్లలకి ఏదన్నా..."

"అమ్మా." అలా నన్ను ఆపడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. "సంచితో చేసిన దాన్ని ఇంకో సంచితో ఎలా బాగు చేస్తారు?"

ఆ మాటకి కోపం వచ్చింది.

ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. నాకు వేరే పని రాదు. ఎవరైనా పోతే డబ్బు పంపుతాను, పెళ్ళయితే డబ్బు పంపుతాను, కోపం వస్తే డబ్బు ఆపుతాను. డబ్బు తగలని ప్రేమ కావాలన్నాను. తగిలించింది ఎప్పుడూ నేనే. ఆయన ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.


ఫిబ్రవరి 12

లాకుల దగ్గరికి వెళ్ళాను. నడిచే వెళ్ళాను. రెండు కిలోమీటర్లు, కాళ్ళు పొక్కాయి.

ఆయన షట్టరు చక్రానికి గ్రీజు రాస్తున్నారు. చూసి, పని ఆపలేదు. నేను గట్టు మీద కూర్చున్నాను. పని అయ్యేదాకా చూస్తూ ఉన్నాను. చాలాసేపు పట్టింది. చేతులు ఇసుకతో తోముకుని వచ్చి, ఇంత దూరంలో కూర్చున్నారు.

"తప్పు చేశాను" అన్నాను.

"ఊ."

"ఏం చేయమంటారు?"

"నన్నడుగుతారేంటండీ." కాలవ వైపు చూస్తూ అన్నారు. "పేటలో పిల్లలు కూడా అడుగుతున్నారు, బాబాయ్ ఎంతొచ్చిందీ అని. నిన్న మా ఇంజనీరు గారు భుజం మీద చెయ్యేసి, మనకేంటి మరి అన్నారు. నవ్వుతూనే అన్నారనుకోండి. నాకు ఇంకొన్నేళ్ళలో రిటైర్‌మెంటు. ఇన్నాళ్ళూ నాకున్నది ఆ ఒక్క పేరే."

"అందరికీ నేను చెబుతాను."

"ఎవరికని చెబుతారు? ఇంటింటికీ తిరుగుతారా?"

అప్పుడు అడిగాను. "మీరు ఎందుకు సరేనన్నారు? క్రిస్మస్‌కి."

ఆయన నవ్వారు. ఈ వారంలో మొదటిసారి. "ఇది మొన్న అడిగి ఉంటే సంచి ఖర్చు తప్పేది."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"మా ఆవిడ పోయాక నాతో పోట్లాడే మనిషి లేదండి. అందరూ పాపం అనేవాళ్ళే. మీరు వచ్చి, నేనెవరో తెలుసా అన్నారు. ఇంటికెళ్ళి తల్చుకుని నవ్వుకున్నాను. మళ్ళీ ఎప్పుడొస్తుందా ఈవిడ అనిపించింది." లేచి నిలబడ్డారు. "అంతే. ఇందులో పెద్ద విశేషం ఏమీ లేదు. నీళ్ళు కొలిచి రాయాలి, వెళ్తాను."

ఇది వారం ముందు అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సంచి పంపడం తేలికనిపించింది.


ఫిబ్రవరి 13

ఇంటింటికీ తిరగక్కరలేదు. అందరూ ఒకేచోట కూర్చునే చోటు ఉంది.


ఫిబ్రవరి 14

జెస్సికా ఫోన్. "మామయ్య చెప్పాడు, అంతా సెటిలయిందట గదా. మంచిదేలే అమ్మా. బాధపడకు." రేపు పూజకి రమ్మన్నాను. క్లినిక్ ఉందంది.

మామూలు నేత చీర తీసి పెట్టుకున్నాను.


ఫిబ్రవరి 15, ఆదివారం

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రకటనల వేళ ఫాదర్ గారు విభూది బుధవారం పూజ ఎన్నింటికో చెప్పారు. తపస్సు కాలం నలభై రోజులూ ఎలా ఉండాలో చెప్పారు. కాగితం మడుస్తుండగా నేను లేచి నిలబడ్డాను.

"ఫాదర్, నాదీ ఒక ప్రకటన ఉంది."

"అమలమ్మ గారూ, పూజ అయ్యాక ఆఫీసులో..."

"ఆఫీసులో చెప్పేది కాదండి. ఆటంకం తెలిస్తే చెప్పమన్నారు గదా. ఆటంకం నాకు తెలుసు."

జనం వైపు తిరిగాను.

"యేసుబాబు గారికి డబ్బు పంపింది నేను. మా తమ్ముడి పేరు చెప్పించింది కూడా నేనే, వాడికేం తెలియదు. తీసుకుంటాడో లేదో చూద్దామని పంపాను. మర్నాడే తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. ఒక్క నోటు ముట్టలేదు. ఆయన తప్పుకున్నది డబ్బు తీసుకుని కాదు, నేను చేసిన పని నచ్చక. తీసుకున్నాడని చెప్పుకున్నవాళ్ళంతా ఇక మీద నా గురించి చెప్పుకోండి. కావలసినంత ఉంది చెప్పుకోడానికి."

"కూర్చో అక్కా!" మగవాళ్ళ వైపు నుంచి బాలశౌరి. "గుళ్ళో ఏంటిది? మన ఇంటి పరువు..."

"మన పరువు కోసం ఆయన పరువు తీశాను. అది తిరిగి ఇస్తున్నాను. నువ్వు కూర్చో."

కూర్చున్నాడు. వాడు నా మాట విని ముప్పై ఏళ్ళయింది.

నేను కూడా కూర్చోబోయాను. అప్పుడు వెనకాల నుంచి లక్ష్మీకాంత్ లేచాడు. హిందువు, ఆదివారం మా గుడికి ఎందుకొచ్చాడో తెలియదు. "నిజమేనండి. సంచి ఇచ్చింది నేనే. టీ కూడా తాగాను" అన్నాడు. టీ సంగతి ఎందుకు చెప్పాడో. ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. దాంతో పెద్దవాళ్ళు కూడా ఊపిరి తీసుకున్నారు.

ఫాదర్ గారు చెమట తుడుచుకుని, ఎటు చూడాలో తెలియక యేసుబాబు గారి వైపు చూశారు.

ఆయన మెల్లిగా లేచారు. నా వైపు చూడలేదు.

"రెండోది చదవండి ఫాదర్" అన్నారు.

కాగితం లేదు. ఫాదర్ గారు కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ చెప్పారు. మా నాన్న పేరు తప్పు చెప్పారు. శౌరమ్మ గట్టిగా సరిచేసింది.

బయట ఫాదర్ గారు నన్ను పక్కకి పిలిచారు. మూడో ప్రకటన వచ్చే ఆదివారం చదవచ్చు గాని, అప్పటికి తపస్సు కాలం మొదలైపోతుంది, ఈస్టరు దాకా పెళ్ళి చేయడానికి లేదు. "బిషప్ గారి పీఠంలో అడిగితే ప్రత్యేక అనుమతి రావచ్చేమో. మీరు అడిగితే కాదనరు" అన్నారు. నేను అడిగితే ఎందుకు కాదనరో నాకు తెలుసు. పోయినేడు కట్టించిన హాస్టలు గది మీద నా పేరుంది.

"వద్దు ఫాదర్. ఈస్టరు అయ్యాకే."

యేసుబాబు గారు సైకిలు దగ్గర నిలబడి విన్నారు. జనం చుట్టూ ఉన్నారు, ఎవరూ ఇళ్ళకి వెళ్ళడం లేదు.

"యాభై రోజులండి" అన్నారు. "ఈ ఊరు ఊరుకోదు."

"ఊరుకోకపోతే ఏం?"

"మళ్ళీ తూకం వేయాలనిపిస్తే? నన్ను."

లేదని చెప్పాలనుకున్నాను. "అనిపిస్తుందేమో. అలవాటు. అనిపిస్తే ముందు మీకే చెబుతాను."

"చెప్పండి. పోట్లాడుకుందాం అమలమ్మ గారూ."

సాయంత్రం జెస్సికా ఫోన్. ఎవరో సెల్లులో తీసి గ్రూపులో పెట్టారట, బెజవాడ దాకా వచ్చింది. "అమ్మా, గుళ్ళో అంత గట్టిగా..." అని ఆగిపోయింది. తర్వాత, "ఆయన ఒక్క మాటే మాట్లాడాడు" అంది.

"ఆయన అంతే."

"ఈస్టరుకి వస్తాను" అని పెట్టేసింది. సంతోషంగా అందో, కోపంగా అందో తెలియలేదు. వస్తుంది, చాలు.


ఫిబ్రవరి 16, సోమవారం

ఈరోజు జరగాల్సింది.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. భోజనానికి రమ్మన్నారు. పేట వీధిలో నడుస్తుంటే అరుగుల మీదవాళ్ళు మాటలు ఆపేశారు. ఎవరింటికైనా పండ్లో స్వీట్లో లేకుండా వెళ్ళడం నా జన్మలో లేదు. బజారులో ఆగబోయి, ఆగకుండా వచ్చేశాను. ఉత్త చేతులతో ఆయన గుమ్మంలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి కొంగు పట్టుకున్నాను, ఒకసారి తలుపు పట్టుకున్నాను.

"కాళ్ళు కడుక్కోండి" అని చెంబిచ్చారు.

రెండు గదుల ఇల్లు. పైన రేకులు. పెళ్ళయ్యాక ఇక్కడే ఉంటానన్నాను. ఆయన రేకుల వైపు చూసి, మేలో ఉండలేరన్నారు. ఉంటానన్నాను. ఒక ఏసీ మాత్రం పెట్టించుకుంటానన్నాను. అది ఎండ గురించి, డబ్బు గురించి కాదు. ఆయన ఒప్పుకోలేదు. భోంచేస్తున్నంతసేపూ దాని మీదే వాదించుకున్నాం, ఇంకా తేలలేదు.

వంట ఆయనదే. చేపల పులుసు, కందిపచ్చడి. పులుసులో ఉప్పు తక్కువైంది. చెప్పాను. వేసుకోండన్నారు.

నేను తింటుంటే తలుపు ఎదురుగా పిల్లలు చేరారు. వాళ్ళ వెనకాల ఆడవాళ్ళు. రోడ్డు మీద బాలశౌరి బండి రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది, వాడికి పేటలో పనేముంటుంది?

"తలుపు వేయమంటారా?" అన్నారు ఆయన.

"వద్దు" అన్నాను. "ఇంకో ముక్క వేయండి."